అడ్రినల్ ఫెటీగ్ లక్షణాలు ఇంట్లోనే గుర్తుపట్టొచ్చా? ఎనిమిది నెలలుగా ఒంట్లో సత్తువ లేదు

నీలిగోరింట | సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. ఎనిమిది నెలలుగా పొద్దున్నే లేవాలంటే ప్రాణం మీదకొస్తోంది. అలారం మోగుతుంది, కళ్లు తెరుస్తాను, కానీ కాళ్లు నావి కానట్టు ఉంటాయి. రెండో అంతస్తు ఎక్కేసరికి గుండె దడదడలాడుతుంది. మధ్యాహ్నం మూడింటికి కూర్చున్న చోటే కళ్లు మూతలు పడతాయి. రాత్రి పదయ్యాక మాత్రం కాస్త తేలిగ్గా ఉంటుంది, అందుకే ఈ వేళప్పుడు రాస్తున్నాను.

నెట్‌లో వెతికితే అడ్రినల్ ఫెటీగ్ అన్న పేరు కనబడింది, అంటే ఒత్తిడి వల్ల అడ్రినల్ అనే హార్మోన్ గ్రంథులు అలసిపోవడమట. చదువుతుంటే ప్రతి లైనూ నా గురించే రాసినట్టుంది. ఒక చోట ఇరవై ప్రశ్నలు అడిగి, మీది మూడో దశ అని తేల్చారు. ఉమ్మి పంపితే పరీక్ష చేస్తామని, ఈలోపు గ్రంథులకు బలమిచ్చే క్యాప్సూల్స్ మొదలుపెట్టమని చెప్పారు. చీకటి గదిలో అద్దం ముందు నిలబడి కంట్లోకి పక్కనుంచి టార్చ్ వేసుకుంటే కంటిపాప చిన్నదై అలాగే ఉండాలట, వణికితే అడ్రినల్ అలసిపోయినట్టట. నాది వణికింది. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

ఇంట్లో చెబితే పని ఎక్కువైంది, నిద్రపో అంటున్నారు. నిద్రపోయి లేచినా ఇలాగే ఉంటే ఏం చేయాలి? ఇంట్లోనే గుర్తుపట్టే దారి ఏదైనా ఉంటే చెప్పండి. ఆ క్యాప్సూల్స్ కొనొచ్చా?

పాత లాంతరు | సోమవారం, రాత్రి 11:52

కొనకండి. ముందు ఈ ఒక్క మాట చెప్పాలనే లాగిన్ అయ్యాను.

రెండేళ్ల క్రితం నేనూ సరిగ్గా మీరున్న చోటే ఉన్నాను. అలాంటి క్యాప్సూల్స్ నాలుగు నెలలు వాడాను. మొదటి రెండు వారాలు రెక్కలొచ్చినట్టే ఉంది. ఇంట్లో అందరికీ చెప్పాను, దొరికింది మందు అని. మూడో నెలలో చేతులు వణకడం మొదలైంది. రాత్రి పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినబడేది. డాక్టర్ థైరాయిడ్ పరీక్ష రాస్తే టీఎస్‌హెచ్ దాదాపు సున్నాకి వచ్చింది, అంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ మరీ ఎక్కువైనట్టు. ఏం వాడుతున్నావని అడిగారు. ఏమీ లేదండీ, ఇది మందు కాదు, సప్లిమెంట్ అన్నాను. సీసా తెమ్మన్నారు. లేబుల్ మీద జంతువుల గ్రంథుల పొడి అని చిన్న అక్షరాల్లో ఉంది.

తర్వాత తెలిసింది. అమెరికాలో ఇలాంటి అడ్రినల్ సప్లిమెంట్లు 12 తీసుకుని పరీక్షించి 2018లో ఫలితాలు అచ్చువేశారు. పన్నెండింటిలోనూ థైరాయిడ్ హార్మోన్ కనబడింది. చాలావాటిలో ఏదో ఒక స్టెరాయిడ్ హార్మోన్ కూడా ఉంది. నాకు మొదటి రెండు వారాలు వచ్చిన హుషారు ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. మానేశాక మామూలు మనిషిని కావడానికి రెండు నెలలు పట్టింది.

నత్తనడక | మంగళవారం, ఉదయం 6:15

నీలిగోరింట గారూ, ఆ టార్చ్ పరీక్ష గురించి కంగారు పడకండి. నేను కూడా చేసుకున్నాను. నాది వణికిందని ఇంట్లో మిగతా నలుగురికీ చేశాను. అందరి కంటిపాపా వణికింది, పదేళ్ల పిల్లాడిది కూడా. వాడు పొద్దున్నుంచి రాత్రిదాకా పరుగెత్తే పిల్లాడు. మా కంటి డాక్టర్‌ని అడిగితే, వెలుతురు పడ్డప్పుడు కంటిపాప కాస్త పెద్దదవుతూ చిన్నదవుతూ ఉండడం ఆరోగ్యవంతులకూ సహజమేనన్నారు. దాన్ని బట్టి అడ్రినల్ గురించి ఏమీ చెప్పలేమట.

వార్డు దీపం | మంగళవారం, మధ్యాహ్నం 1:40

నేను హార్మోన్ల వార్డులో నర్సుని. డాక్టర్‌ని కాను కాబట్టి మీకేముందో నేను తేల్చలేను. కానీ పదకొండేళ్లుగా చూస్తున్న సంగతి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అడ్రినల్ గ్రంథులు రెండు. ఒక్కో కిడ్నీ మీద టోపీలా ఒకటి ఉంటుంది, బరువు నాలుగైదు గ్రాములే. వాటి పైపొర కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. అది రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారేసరికి పెరుగుతుంది, లేచిన అరగంటకి ఇంకా పైకి వెళ్తుంది, అక్కణ్నుంచి తగ్గుతూ అర్ధరాత్రికి అడుగుకి చేరుతుంది. ఎంత తయారుచేయాలో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి చెబుతుంది.

అడ్రినల్ ఫెటీగ్ అన్న పేరు 1998లో జేమ్స్ విల్సన్ అనే ప్రకృతి వైద్యుడు పెట్టింది. ఒత్తిడి ఎక్కువ కాలం ఉంటే గ్రంథులు అలసిపోయి కార్టిసాల్ తగ్గుతుందని ఆయన వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఇద్దరు బ్రెజిల్ వైద్యులు 58 అధ్యయనాలు ముందేసుకుని చూసి, దీనికి ఆధారం దొరకలేదని 2016లో రాశారు. హార్మోన్ల డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ కూడా దీన్ని జబ్బుగా గుర్తించదు. ఎంత ఒత్తిడిలో ఉన్నా పిట్యూటరీ కబురు పంపుతుంటే అడ్రినల్ పనిచేస్తూనే ఉంటుంది. వాడి వాడి అరిగిపోవడానికి అది చెప్పు అడుగు కాదు.

అయితే అడ్రినల్ నిజంగా చెడిపోయే జబ్బు ఒకటుంది. దాన్ని అడిసన్స్ అంటారు. లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో పనిచేసిన థామస్ అడిసన్ 1855లో దాని గురించి రాశారు. అరుదైనదే, కానీ ప్రాణం తీస్తుంది. ఇంట్లో వెతికితే దీని గుర్తుల్నే వెతకాలి. ఆ ఇరవై ప్రశ్నల్లో ఇవి సరిగా ఉండవు.

చర్మం చూసుకోండి. వెలుతురులో అరచేతులు చాపి గీతలు ఇదివరకటికంటే నల్లబడ్డాయా, వేళ్ల కణుపులు, మోచేతులు, చిగుళ్లు, పాత గాయాల మచ్చలు రంగు మారాయా చూడండి. ఎండ తగలని చోట నల్లబడటమే ముఖ్యం. సహజంగానే గీతలు ముదురు రంగులో ఉండేవాళ్లు చాలామంది, అందుకే పాత ఫోటోతో పోల్చుకోవాలి. ఆకలి చచ్చి, ప్రయత్నం లేకుండా బరువు తగ్గుతోందా? ఉప్పు మీదకి మనసు విపరీతంగా పోతోందా? వికారం, కడుపునొప్పి తరచూ వస్తున్నాయా? లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయా?

బీపీ మెషిన్ ఉంటే ఇలా చేయండి. ఐదు నిమిషాలు కదలకుండా పడుకుని ఒకసారి చూసుకోండి. లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్లీ చూసుకోండి. పక్కన ఎవరైనా ఉండాలి, పడిపోతే పట్టుకోవడానికి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే. ఒంట్లో నీరు తగ్గినా, బీపీ మాత్రలు వేసుకున్నా కూడా పడిపోవచ్చు, కాబట్టి అదొక్కటే చూసి భయపడొద్దు.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. గత ఏడాదిలో స్టెరాయిడ్ ఏ రూపంలోనైనా వాడారా? మాత్ర, ఇన్‌హేలర్, కీళ్లలో ఇంజెక్షన్, చర్మానికి క్రీమ్, ఏదైనా సరే.

నీలిగోరింట | మంగళవారం, రాత్రి 10:35

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఏమని చెప్పాలో తెలియడం లేదు. మా ఆయన్ని పక్కన నిలబెట్టుకుని చూసుకున్నాను. పడుకున్నప్పుడు 112/72, నిమిషానికి 106/72, మూడో నిమిషానికి 108/74. అరచేతులు నల్లబడటం మాట అటుంచి, పాలిపోయినట్టున్నాయి. బరువు తగ్గలేదు, రెండు కిలోలు పెరిగాను. స్టెరాయిడ్ ఎప్పుడూ వాడలేదు.

ఉప్పు అంటే ప్రత్యేకంగా ఏమీ లేదు. నాకు పిచ్చి ఉన్నదల్లా ఐసు ముక్కల మీద. ఫ్రిజ్‌లో ట్రే పెట్టుకుని రోజూ రాత్రి మొత్తం నమిలేస్తాను. ఆ చప్పుడుకి పిల్లలు లేస్తున్నారని మా ఆయన కోప్పడతారు కూడా.

అంటే నాకు అడిసన్స్ కాదన్నమాటే కదా? మరి ఈ నీరసం ఎక్కడిది?

తెల్లవారుజాము | బుధవారం, ఉదయం 4:50

వార్డు దీపం గారు రాసింది చదివాక నిద్ర పట్టలేదు. మా చెల్లిది అదే జబ్బు. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

అప్పుడు దానికి 26. ఏడాది పాటు నీరసం నీరసం అనేది. బరువు తగ్గుతుంటే అందరూ నాజూగ్గా అయ్యావని మెచ్చుకున్నారు. రంగు మారుతుంటే ఎండలో తిరుగుతోంది అనుకున్నాం. వంటింట్లోకి వెళ్తే ఉప్పు డబ్బా మూత తీసి, అరచేతిలో పోసుకుని నాలుకతో అద్దుకునేది. ఒకసారి నేను చూసి, ఏంటే ఇది అంటే, తెలియదన్నయ్యా, తినకపోతే ఉండలేకపోతున్నాను అంది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి మోకాలి మీద అయిన మచ్చ ఒకటుంది దానికి. ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఆ ఏడాది అది బొగ్గులా అయింది. నేను చూశాను, అమ్మ చూసింది, ఎవరికీ ఏమీ తట్టలేదు.

ఒక రోజు జ్వరం, వాంతులు. మామూలు కడుపు జబ్బు అనుకున్నాం. మర్నాటికి లేపితే మాట తడబడుతోంది, నన్ను గుర్తుపట్టలేదు. ఎమర్జెన్సీలో పై బీపీ 70. రక్తంలో సోడియం మరీ తగ్గి 118, పొటాషియం మరీ పెరిగి 6 పైన. అక్కడ డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ దాని అరచెయ్యి తిప్పి చూసింది. తర్వాత పెదవి కిందికి లాగి చిగుళ్లు చూసింది. రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఇంజెక్షన్ చేయించింది. సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి మా చెల్లి కళ్లు తెరిచి ఆకలేస్తోంది అంది. ఏడాదిగా దాని నోట ఆ మాట వినలేదు మేము.

ఇప్పుడు రోజూ మాత్రలు వేసుకుంటుంది. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేసుకుంటుంది. పర్సులో కార్డు, ఇంట్లో ఇంజెక్షన్ ఉంటాయి. అది వేయడం నేను కూడా నేర్చుకున్నాను. ఉద్యోగం చేస్తోంది, కొండలు ఎక్కుతోంది. అడిసన్ రాసిన రోజుల్లో దీనికి మందే లేదు. అడ్రినల్ పైపొర హార్మోన్లు కనిపెట్టినవాళ్లకి 1950లో నోబెల్ ఇచ్చారని డాక్టర్ చెప్పినప్పుడు మా అమ్మ ఆ ముగ్గురి పేర్లు కాగితం మీద రాయించుకుంది. కెండల్, రైఖ్‌స్టీన్, హెంచ్. ఇప్పటికీ అమ్మ దేవుడి గదిలో ఉంది ఆ కాగితం.

అందుకే నాకు ఈ అడ్రినల్ ఫెటీగ్ అన్న మాట వింటే బాధ. మా చెల్లి కూడా ఆరు నెలలు ఆ క్యాప్సూల్సే వాడింది. ఆ ఆరు నెలల్లో ఒక్కసారి రక్తపరీక్ష చేయించి ఉంటే బయటపడేది.

గడ్డిపువ్వు | బుధవారం, ఉదయం 9:30

మీ చెల్లి కోలుకున్నందుకు చాలా సంతోషం అన్నయ్యా. కానీ నేను ఇంకో వైపు నుంచి మాట్లాడాలి.

మూడేళ్లు డాక్టర్ల చుట్టూ తిరిగాను. ప్రతివాళ్లూ రిపోర్టులు నార్మల్, మీకేమీ లేదు అని పంపేసేవారు. ఒకాయన నా ముఖం కూడా చూడకుండా కంప్యూటర్‌లోకి చూస్తూ, మనసు పక్కకి మళ్లించుకోండి అన్నారు. ఇంటికొచ్చి బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. అలాంటప్పుడు నా అలసటకి ఒక పేరుందని చెప్పింది ఆ అడ్రినల్ ఫెటీగ్ వెబ్‌సైటే. ఆ పేరు తప్పు అని మీరంటే ఒప్పుకుంటాను. కానీ అందరూ ఆ పేరునే కొట్టిపారేస్తుంటే, మళ్లీ నన్నే అబద్ధాలకోరు అంటున్నట్టు ఉంటుంది.

అన్నట్టు నీలిగోరింట గారూ, మీ ఐసు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చివరికి నాకు తేలింది ఐరన్ లోపం. నేను కూడా ఐసు నమిలేదాన్ని, రోజుకి రెండు ట్రేలు. ఐరన్ ఎక్కాక ఆ కోరిక దానంతటదే పోయింది. హిమోగ్లోబిన్ ఒక్కటే కాకుండా, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకోండి. నా మొదటి రిపోర్టుల్లో హిమోగ్లోబిన్ అంచు మీద ఉందని వదిలేశారు, ఫెరిటిన్ ఎవరూ అడగలేదు. మీకు నెలసరి ఎక్కువగా అవుతుందా?

వార్డు దీపం | బుధవారం, మధ్యాహ్నం 2:10

గడ్డిపువ్వు గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఐసు మాట నా కళ్లముందే ఉన్నా నేను దాటేశాను, మీరు పట్టుకున్నారు. ఐసు కోసం అలా ఆరాటపడటం ఐరన్ లోపానికి బాగా తెలిసిన గుర్తు. పాలిపోయిన అరచేతులు, మెట్లెక్కితే దడ కూడా అటే చూపిస్తున్నాయి.

మీ అలసట అబద్ధమని ఎవరూ అనకూడదు. పేరు తప్పైనంత మాత్రాన బాధ తప్పు కాదు. రిపోర్టు నార్మల్ అంటే ఆ పరీక్ష వెతికింది దొరకలేదనే అర్థం, అంతకుమించి కాదు. నీరసం వెనక దాక్కునేవి చాలా ఉన్నాయి. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బీ12 లోపం, కిడ్నీ, లివర్, నిద్రలో ఊపిరి ఆగడం, డిప్రెషన్, నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పులు. మనం రోజూ మింగే అలర్జీ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు కూడా. చిన్న పని చేసినా మర్నాడు మంచం దిగలేకపోవడం నెలల తరబడి ఉంటే అది వేరే జబ్బు, దాన్ని తెలిసిన డాక్టర్‌కే చూపించాలి. ఉద్యోగం మనిషిని పిండేసే బర్నౌట్‌ని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పనివల్ల వచ్చే పరిస్థితిగా తన పట్టికలో చేర్చింది. వీటిలో దేనికీ అడ్రినల్ పొడి మందు కాదు. ఆ పేరుతో నాకున్న అసలు పేచీ ఇదే, అక్కడితో వెతకడం ఆపేస్తాం.

రెండో మెట్టు | బుధవారం, సాయంత్రం 5:25

స్టెరాయిడ్ గురించి అడిగారు కదా అక్కా. నాకు ఆయాసానికి ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు. పది రోజులకే రాశారు గానీ బాగా పనిచేస్తోందని నేనే ఐదు నెలలు కొనుక్కుని వాడాను. ముఖం ఉబ్బుతోందని మూడు వారాల క్రితం ఒక్కసారిగా ఆపేశాను. అప్పటి నుంచి ఒళ్లంతా నొప్పులు, వికారం, లేచి నిలబడితే తూలుతోంది. చర్మం మాత్రం నల్లబడలేదు. అంటే నాది అడ్రినల్ కాదా?

వార్డు దీపం | బుధవారం, సాయంత్రం 5:41

తమ్ముడూ, ఇది రేపటికి వాయిదా వేయకు. ఇవాళే డాక్టర్‌ని కలువు.

బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే పిట్యూటరీ కబురు పంపడం మానేస్తుంది, పని లేక అడ్రినల్ కుంచించుకుపోతుంది. మూడు నాలుగు వారాలకి మించి వాడితే ఇది జరగొచ్చు. హఠాత్తుగా ఆపితే లోపల తయారీ లేదు, బయటి నుంచి రాదు. నల్లబడకపోవడం చూసి ధైర్యపడొద్దు. అడిసన్స్‌లో నల్లబడేది పిట్యూటరీ మరీ గట్టిగా కేకలు వేయడం వల్ల. నీ విషయంలో ఆ కేకే లేదు, కాబట్టి రంగు మారదు. నెమ్మదిగా, మెట్టు మెట్టుగా తగ్గించాలి, ఎలాగో డాక్టరే చెప్పాలి. వాంతులు మొదలైనా, మత్తుగా అనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లు. స్టెరాయిడ్ వాడి ఆపాను అన్నది నీ నోటి నుంచి వచ్చే మొదటి మాట కావాలి.

రెండో మెట్టు | బుధవారం, రాత్రి 9:05

వెళ్లొచ్చానక్కా. మళ్లీ మొదలుపెట్టి తగ్గిస్తూ రావాలన్నారు, రేపు పొద్దున మాత్ర వేసుకోకముందే కార్టిసాల్‌కి రక్తం ఇవ్వమన్నారు. ఆయాసానికి ఇన్‌హేలర్ మార్చారు.

ల్యాబ్ కిటికీ | గురువారం, ఉదయం 7:55

రక్తం ఇచ్చే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని. నేను రక్తం తీసే వైపు ఉంటాను, పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో రోజూ చూస్తుంటాను.

కార్టిసాల్‌కి పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలోనే రక్తం ఇవ్వాలి. సాయంత్రం ఇస్తే తక్కువే వస్తుంది, అది జబ్బు కాదు. రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, వాళ్ల గడియారం వేరు. ఎనిమిదింటి కార్టిసాల్ డెసిలీటరుకి 3 మైక్రోగ్రాముల కన్నా తక్కువ ఉంటే అడ్రినల్ లోపం దాదాపు ఖాయం. 15 నుంచి 18 దాటితే ఆ అనుమానం చాలావరకు తీరినట్టే. మధ్యలో ఉంటే ఇంకో పరీక్ష చేస్తారు. పిట్యూటరీ పంపే కబురునే 250 మైక్రోగ్రాముల ఇంజెక్షన్‌గా ఇచ్చి, అరగంటకీ గంటకీ కార్టిసాల్ ఎంత పెరిగిందో చూస్తారు. గ్రంథి బతికి ఉందో లేదో తేల్చేది అదే.

గర్భనిరోధక మాత్రలు వాడేవారికి కార్టిసాల్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడొచ్చు. జుట్టుకీ గోళ్లకీ వేసుకునే బయోటిన్ థైరాయిడ్ లాంటి పరీక్షల్ని తారుమారు చేస్తుంది, ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌ని అడగండి. ఉమ్మి పరీక్ష బూటకం కాదు, అర్ధరాత్రి ఉమ్మిలో కార్టిసాల్ చూసేది ఒంట్లో అది మితిమీరిందా అని తెలుసుకోవడానికి. రోజులో నాలుగుసార్లు తీసి అలసిపోయిన దశలు లెక్కగట్టడానికి మాత్రం అది పనికిరాదు.

పాత లాంతరు | గురువారం, ఉదయం 8:30

మూలికలైతే ఫర్వాలేదనుకునేవాళ్లకి ఒక మాట. ఆ సీసాల్లో అతిమధురం కూడా తరచూ కలుపుతారు. ఎక్కువ రోజులు వాడితే అది బీపీ పెంచి పొటాషియం తగ్గిస్తుంది. అశ్వగంధతో లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. నేను ఏమీ వాడటం లేదని చెప్పి నెల రోజులు పోగొట్టుకున్నాను.

నత్తనడక | గురువారం, రాత్రి 9:15

నా నీరసం కథ కూడా చెబుతాను, మగవాళ్లకి పనికొస్తుంది. నాకు 52. నేనైతే రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నానని ఒట్టేసి చెప్పేవాణ్ని. డాక్టర్ నన్ను అడగడం మానేసి మా ఆవిడని అడిగారు. గురక పెడుతూ పెడుతూ హఠాత్తుగా నిశ్శబ్దం అయిపోతారండీ, నేను లేచి కూర్చుని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంటాను అంది. ఎన్నాళ్లుగా అంటే నాలుగేళ్లుగా అంది. నాతో ఎప్పుడూ చెప్పలేదు, భయపడతానని. నిద్రలో ఊపిరి ఆగుతోందని పరీక్షలో తేలింది. మాస్క్ పెట్టుకుని పడుకుంటున్నాను, మూడో వారానికే పగటి కునుకు పోయింది.

ఇంట్లో చేసుకోగలిగిన మంచి పని నా దృష్టిలో ఒకటే, రెండు వారాలు నోట్‌బుక్ రాయడం. ఎప్పుడు పడుకున్నాం, ఎప్పుడు లేచాం, వచ్చేది నిద్రమత్తా లేక నీరసమా. ఈ రెండూ ఒకటి కాదు. నిద్రమత్తు అయితే కూర్చుంటే కునుకు పడుతుంది. నీరసం అయితే మెలకువగానే ఉంటాం, చెయ్యి లేవదు. పక్కన పడుకునేవాళ్లు చెప్పేది కూడా రాయండి.

మూడో గంట | గురువారం, రాత్రి 10:40

నాకు థైరాయిడ్ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి టైప్ 1 షుగర్. ఈ మధ్య వాడికి ఇన్సులిన్ తగ్గించినా షుగర్ పడిపోతోంది, సన్నబడ్డాడు. దీనికీ అడ్రినల్‌కీ సంబంధం ఉంటుందా?

వార్డు దీపం | గురువారం, రాత్రి 11:02

ఉండొచ్చు, తప్పకుండా చూపించండి. మన రక్షణ వ్యవస్థే మన గ్రంథుల మీద తిరగబడే జబ్బులు ఒకే ఇంట్లో, ఒకే మనిషిలో జతగా వస్తుంటాయి. టైప్ 1 ఉన్నవాళ్లకి కారణం లేకుండా ఇన్సులిన్ అవసరం తగ్గిపోతే అడ్రినల్ చూడాలి. షుగర్ డాక్టర్‌కి ఈ వారంలోనే చెప్పండి, కార్టిసాల్ చూడమని మీరే అడగండి.

నీలిగోరింట | తర్వాతి బుధవారం, రాత్రి 9:50

రిపోర్టులు వచ్చాయి. ఎనిమిదింటి కార్టిసాల్ 16.2. సోడియం, పొటాషియం, థైరాయిడ్ బాగున్నాయి. హిమోగ్లోబిన్ 9.6, ఫెరిటిన్ 5, రెండూ తక్కువే.

గడ్డిపువ్వూ, మీ మాట అక్షరాలా నిజమైంది. నెలసరి ఏడాదిన్నరగా ఎక్కువగానే అవుతోంది. రెండో కాన్పు తర్వాత అందరికీ ఇంతేలే అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఈసారి వెళ్లిన డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, రోజుకి ఎన్ని ప్యాడ్లు మారుస్తావమ్మా, రాత్రి లేవాల్సి వస్తోందా, గడ్డలు పడుతున్నాయా అని అడిగింది. ఎనిమిది నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. స్కానింగ్‌లో గర్భాశయంలో చిన్న గడ్డ ఒకటి కనబడింది, ప్రమాదం లేనిదే అన్నారు, దానికి వైద్యం వేరే చెబుతారట. ఐరన్ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. అలా ఎందుకో అర్థం కాలేదు, రోజూ వేసుకుంటే తొందరగా ఎక్కదా?

ల్యాబ్ కిటికీ | తర్వాతి బుధవారం, రాత్రి 10:20

ఐరన్ మాత్ర వేసుకోగానే లివర్ నుంచి ఒక హార్మోన్ పెరిగి, మర్నాడు పేగు ఐరన్‌ని సరిగా పీల్చుకోనివ్వదు. ఒక రోజు విడిస్తే అది తగ్గి, రెండో మాత్ర బాగా ఒంటబడుతుంది. కడుపులో వికారం కూడా తక్కువ. టీ, కాఫీలకి మాత్రకి మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. హిమోగ్లోబిన్ బాగుపడగానే ఆపేయకండి, నిల్వలు నిండాలంటే ఇంకో మూడు నెలలైనా పడుతుంది.

గడ్డిపువ్వు | తర్వాతి బుధవారం, రాత్రి 10:31

నాకు ఏడుపొస్తోంది, సంతోషంతోనే. ఐసు ట్రే సంగతి నెల తర్వాత వచ్చి చెప్పాలి మీరు.

వానచినుకు | గురువారం, రాత్రి 1:15

ఈ చర్చ ఇప్పుడే మొత్తం చదివాను. తెల్లవారుజాము గారు చెప్పిన మచ్చ సంగతి చదివి లేచి వెళ్లి మా నాన్న చేతులు చూశాను. అరచేతి గీతలు పెన్సిల్‌తో గీసినట్టు నల్లగా ఉన్నాయి. పోయినేడాది ఫోటోలో అలా లేవు. నాన్నకి 61. ఇరవై ఏళ్ల క్రితం టీబీ వచ్చి తగ్గింది. నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గారు. నిన్నటి నుంచి వాంతులు, మంచం మీంచి లేవలేకపోతున్నారు. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే సరిపోతుందా?

తెల్లవారుజాము | గురువారం, రాత్రి 1:19

పొద్దుటిదాకా ఆగొద్దు. ఇప్పుడే ఎమర్జెన్సీకి బయల్దేరండి. మేము ఒక రాత్రి ఆగాం.

వార్డు దీపం | గురువారం, రాత్రి 1:24

నేను డ్యూటీలోనే ఉన్నాను, చూశాను. వెంటనే వెళ్లండి. టీబీ తగ్గిన ఎన్నో ఏళ్లకి అడ్రినల్ దెబ్బతిన్నట్టు బయటపడటం ఉంది. లోపలికి వెళ్లగానే నాలుగు మాటలు చెప్పండి: వాంతులు, బరువు తగ్గడం, చేతులు నల్లబడటం, పాత టీబీ. అడ్రినల్ లోపమేమో చూడమని అడగండి. నడిపించకండి, పడుకోబెట్టే తీసుకెళ్లండి. వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లండి.

వానచినుకు | గురువారం, రాత్రి 1:27

బయల్దేరాం.

వానచినుకు | గురువారం, మధ్యాహ్నం 12:40

బీపీ 78/50, సోడియం 119 ఉన్నాయట. కార్టిసాల్‌కి రక్తం తీసి వెంటనే ఇంజెక్షన్ ఇచ్చారు, రెండు సెలైన్లు ఎక్కాయి. రిపోర్టు రేపు వస్తుంది. కడుపు స్కానింగ్ కూడా రాశారు. ఇప్పుడు బీపీ 110 దాటింది. నాన్న దిండుకి ఆనుకుని కూర్చున్నారు. తన అరచేతులు తనే తిప్పి తిప్పి చూసుకుంటున్నారు.